బాణాలు గీస్తూ చదవడం – 4వ పాఠం: ప్రొటీన్ పెరిగింది సరే, ఏ మెట్టు దగ్గర?

గత పాఠంలో ఒక అభ్యాసం ఇచ్చాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్)లో ఇ6, ఇ7 ప్రొటీన్లు చేసే పనిని బాణాలతో గీయమన్నాను. కణం అదుపు తప్పకుండా కాపాడే పీ53 ప్రొటీన్ ఇ6 వల్ల నాశనమవుతుంది, ఇ7 అలాంటి కాపలా పనే చేసే ఆర్‌బీ ప్రొటీన్‌కు అంటుకుని దాని చేతులు కట్టేస్తుంది. ఇక్కడి వరకు తేలికే. మరిచిపోయేది ఇ2 ప్రొటీన్‌ను. ఇ6, ఇ7ల తయారీని అదుపులో ఉంచేది అదే. వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోమ్‌లో కలిసిపోయేటప్పుడు తరచుగా తెగిపోయేది ఇ2 జన్యువే. మన బొమ్మల్లో బాణపు మొన అంటే పెంచుతుందని, అడ్డగీత అంటే తగ్గిస్తుందని అర్థం. కాబట్టి ఇ2 నుంచి ఇ6, ఇ7ల వైపు వెళ్లే గీత చివర బాణపు మొన కాదు, అడ్డగీత ఉండాలి. ఆ కాగితం పారేయకండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్క ప్రశ్న. పరిశోధన పత్రంలో ‘ఫలానా ప్రొటీన్ పెరిగింది’ అని చదవగానే ‘ఏ మెట్టు దగ్గర?’ అని అడగాలి. జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశాన్ని మోసే నకలు) తయారవడం అనులేఖనం, ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారవడం అనువాదం, తయారైన ప్రొటీన్ విరిగిపోవడం విచ్ఛేదనం. మూడింటిలో ఏది మారినా ప్రొటీన్ మొత్తం మారుతుంది. పీ53 సంగతే చూడండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లో ఆ జన్యువు చెక్కుచెదరకుండా ఉంది, ఇ6 వల్ల ప్రొటీన్ మాత్రం నిలవదు. దెబ్బ తగిలింది మూడో మెట్టు దగ్గర.

ఇప్పుడు ఫోలేట్‌కు, అంటే డీఎన్‌ఏ తయారీకి కావలసిన ఒక బి విటమిన్‌కు వద్దాం. కణంలోకి ఫోలేట్ వెళ్లే దారుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి వాహక ప్రొటీన్. దానికి మైక్రోమోలార్ స్థాయిలో ఫోలేట్ ఉంటేనే పని సాఫీగా సాగుతుంది. రెండోది ఫోలేట్ గ్రాహకం ఆల్ఫా. ఇది నానోమోలార్ స్థాయిలో (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) ఉన్న ఫోలేట్‌ను కూడా ఒడిసిపట్టి, కణత్వచంతో పాటు లోపలికి మునిగి, అక్కడి ఆమ్లత్వంలో విడిచిపెడుతుంది. రక్తంలో ఫోలేట్ ఉండేది నానోమోలార్ స్థాయిలోనే. అందుకే కరువు కాలంలో ఈ గ్రాహకం విలువ తెలుస్తుంది.

కణాలకు ఫోలేట్ తగ్గిస్తే గ్రాహకం పెరుగుతుంది. కొత్తగా చదివేవారు వెంటనే ‘జన్యువు చురుకైంది’ అని బాణం గీసేస్తారు. నేనూ మొదట అలాగే గీశాను. కానీ ఎంఆర్‌ఎన్‌ఏ అంతగా పెరగకుండానే గ్రాహకం పెరగగలదు. మార్పు అనువాదంలో ఉంది. ఆ గొలుసును నెమ్మదిగా గీద్దాం. ఫోలేట్ తగ్గితే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారడం మందగిస్తుంది, కణంలో హోమోసిస్టీన్ పేరుకుంటుంది. అది హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ-ఇ1 అనే ప్రొటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అతుక్కుంటుంది. దాంతో ఆ ప్రొటీన్ ఆకారం కాస్త విచ్చుకుని, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే చోటు బయటపడుతుంది. గ్రాహకపు ఎంఆర్‌ఎన్‌ఏ ముందుభాగంలో 18 అక్షరాల ముక్క ఒకటుంది. హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ-ఇ1 అక్కడ కూర్చోగానే అనువాదం ఊపందుకుంటుంది. కొరతే తన కబురు తాను మోసుకెళ్లే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కణాలను పెంచడానికి ప్రయోగశాలల్లో బాగా వాడే ఆర్‌పీఎంఐ 1640 ద్రావణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం ఉంటుంది, అంటే దాదాపు 2.3 మైక్రోమోలార్. రక్తంతో పోలిస్తే అది విందు భోజనం. విందులో కూర్చున్న కణాలను చూసి ఆకలి గురించి తీర్మానించకూడదు. కాబట్టి ముందు పత్రంలోని ‘పద్ధతులు’ భాగానికి వెళ్లి ద్రావణం పేరు చూడండి. రెండోది, ఫోలేట్ గ్రాహకం మీద పాత పరిశోధనల్లో తరచుగా కనిపించే కేబీ కణాలు. నోటి క్యాన్సర్‌వని రాసి ఉన్నా, అవి నిజానికి కలుషితమై చేరిన హీలా కణాలేనని తేలింది. అంటే హెచ్‌పీవీ 18 రకం ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు!

ఇక వైరస్ వైపు. అదే హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ-ఇ1 హెచ్‌పీవీ 16 రకంలో ఎల్2 అనే కవచ ప్రొటీన్ ఎంఆర్‌ఎన్‌ఏను కూడా పట్టుకుంటుంది. అయితే ఇక్కడ ఫలితం తలకిందులు, కవచ ప్రొటీన్ల తయారీ తగ్గుతుంది. ఒకే ప్రొటీన్ నుంచి బయల్దేరిన రెండు గీతల్లో ఒకదానికి మొన, ఇంకోదానికి అడ్డగీత. ప్రయోగశాలలో పెంచిన కణజాలంలో ఫోలేట్ తగ్గించినప్పుడు, వైరస్ డీఎన్‌ఏ మానవ డీఎన్‌ఏలో చేరడం కూడా ఎక్కువైంది. పాత కాగితంలోని ఇ2 దగ్గరికి ఇప్పుడు ఈ గీతను కలపండి. కవచం తగ్గడానికీ డీఎన్‌ఏ చేరడానికీ మధ్య మాత్రం చుక్కల గీతే గీయండి. రెండూ ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. ఈ గీతలను వెనక్కి తిప్పి ‘ఫోలేట్ ఇస్తే క్యాన్సర్ తగ్గుతుంది’ అని కూడా చదవకండి. విభజన చెందే కణితి కణాలకూ డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు పనిచేసేది ఆ అవసరాన్ని దెబ్బతీసే.

అభ్యాసం: రెండు పాత్రల్లో కణాలున్నాయనుకోండి, ఒకదానిలో ఫోలేట్ తక్కువ. గ్రాహకపు ఎంఆర్‌ఎన్‌ఏ రెండింటిలోనూ సమానం. ప్రొటీన్ మాత్రం తక్కువ ఫోలేట్ పాత్రలో 4 రెట్లు. రెండింటిలోనూ కొత్త ప్రొటీన్ తయారీని ఆపేసి గమనిస్తే, ఉన్న గ్రాహకం ఒకే వేగంతో తరిగిపోయింది. బాణం ఏ మెట్టు దగ్గర గీస్తారు? తక్కువ ఫోలేట్ పాత్రలో మాత్రమే అది నెమ్మదిగా తరిగి ఉంటే మీ బొమ్మ ఎలా మారేది? రెండు బొమ్మలూ గీసి ఉంచండి, 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.