సైగల భాష ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఏం చేయాలి? కర్నూలు, అనంతపురం, కడప విద్యార్థుల కోసం

ఇంటర్ అయిపోయింది, లేదా డిగ్రీ చదువుతున్నారు, చెవులు బాగానే వినిపిస్తాయి, అయినా సైగల భాష నేర్చుకుని ఇంటర్‌ప్రెటర్‌గా పని చేయాలని ఉంది. చాలా మంచి ఆలోచన, మన జిల్లాలకు నిజంగా కావలసింది. కర్నూలు పెద్దాసుపత్రికి ఒక బధిర తల్లి వస్తే డాక్టరు చెప్పేది ఆమెకు అందించే పని చాలాసార్లు వెంట వచ్చిన కొడుకు మీదో కూతురు మీదో పడుతుంది. తల్లి జబ్బు సంగతి స్కూలుకు పోయే బిడ్డ నోటితో చెప్పించడం అన్యాయం. ఆ చోట శిక్షణ తీసుకున్న మనిషి ఉండాలి. మీరు ఆ మనిషి కావాలంటే ఈ వరుసలో పోండి.

1. దరఖాస్తు కంటే ముందు బధిరులను కలవండి

అందరూ కోర్సు ఎక్కడుంది, ఫీజు ఎంత అని మొదలుపెడతారు. అది తర్వాత. ఈ భాష వాళ్లది, కాబట్టి నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గరే. అనంతపురం వైపు ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, అక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వినికిడి లోపమున్న పిల్లల కోసం స్కూళ్లు నడుపుతోంది. ముందుగా అనుమతి అడిగి, వారానికి కొంతసేపు ఏదో ఒక పనిలో సాయం చేస్తామని చెప్పి చూడండి. మిగతా చోట్ల ప్రత్యేక పాఠశాల టీచర్లను అడిగితే ఊళ్లో బధిరులు ఎక్కడ కలుసుకుంటారో చెప్తారు. సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సైగ భాషల దినోత్సవం, ఆ రోజు ఎక్కడైనా కార్యక్రమం ఉంటే తప్పకుండా వెళ్లండి.

వెళ్లాక కొన్ని పద్ధతులు పాటించాలి. పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టండి, లేదా ఎదురుగా చేయి ఊపండి. మాట్లాడేటప్పుడు వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. చేతులనే చూస్తూ ఉండిపోకుండా వాళ్ల ముఖం చూడండి, సగం అర్థం అక్కడే ఉంటుంది. మధ్యలో ఫోన్ వైపు చూపు తిప్పితే వాళ్ల మాట వినడం మానేసినట్టే లెక్క. మీకొక సైగ పేరు, అంటే మీ పేరుకు బదులు వాళ్లు చేసే సైగ, కావాలని తొందరపడి మీరే పెట్టుకోకండి, పరిచయం పెరిగాక వాళ్లే పెడతారు.

2. ఇంట్లో సాధన, అయితే సరైన వీడియోలతో

యూట్యూబ్‌లో వెతికితే మొదట అమెరికా సైగల భాష వీడియోలు చాలా వస్తాయి. వాటితో మొదలుపెట్టకండి. అది వేరే భాష, వాళ్ల అక్షరాలు ఒక్క చేత్తో, మన భారతీయ సైగల భాషలో ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కువగా రెండు చేతులతో. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం 2015లో పెట్టిన భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం, దాన్నే ఐఎస్ఎల్‌ఆర్‌టీసీ అంటారు, 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా ఇచ్చింది. సైన్ లెర్న్ అనే యాప్ కూడా వాళ్లదే. కేంద్ర ప్రభుత్వ చదువుల టీవీ అయిన పీఎం ఈ-విద్యలో 31వ ఛానల్ 2024 డిసెంబర్ నుంచి ఈ భాష కోసమే నడుస్తోంది.

నిఘంటువులో ఉన్న సైగే మన ఊళ్లో వాడతారని మాత్రం అనుకోకండి. స్కూలుకు పోని బధిరులు ఇంట్లోవాళ్లతో సొంత సైగలు పెట్టుకుని ఉంటారు, ఊళ్ల పేర్లకు ఆ చుట్టుపక్కల వాళ్ల సైగలు వేరే ఉండొచ్చు. కనబడిన ప్రతిదీ అడిగి రాసుకోండి, వీలైతే వాళ్ల అనుమతితో వీడియో తీసుకోండి.

వ్యాకరణం దగ్గర చాలామంది తడబడతారు. తెలుగు వాక్యంలోని ఒక్కో మాటకు ఒక్కో సైగ పెట్టుకుంటూ పోతే అది సైగల భాష కాదు. కాలం చెప్పే మాట ముందే వస్తుంది, క్రియ చివరికి పోతుంది, ఎక్కడ, ఎప్పుడు లాంటి ప్రశ్న మాటలు వాక్యం చివర వస్తాయి. "నిన్న మీరు ఎక్కడికి పోయినారు" అన్నది "నిన్న, మీరు, పోవడం, ఎక్కడ" అవుతుంది. అవునా కాదా అని అడిగే ప్రశ్నకు కనుబొమలు పైకి లేవాలి, లేకపోతే అది ప్రశ్నే కాదు. ముఖం కదిలించడానికి సిగ్గుపడేవాళ్లు అద్దం ముందు నిలబడి సాధన చేయాల్సిందే.

3. కోర్సు

ఇప్పుడు కోర్సు సంగతి. ఇంటర్ పాసైనవాళ్లు చేరగలిగే రెండేళ్ల కోర్సు ఒకటుంది, పేరు డిప్లొమా ఇన్ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటేషన్, పొట్టిగా డిస్లి. ఢిల్లీలోని ఐఎస్ఎల్‌ఆర్‌టీసీలో ఉంది. మనకు దగ్గరంటే సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ (మాట, వినికిడి లోపాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ప్రాంతీయ కేంద్రం. కర్నూలు నుంచి రైలు, బస్సు రెండూ ఉన్నాయి, కడప వాళ్లకే కాస్త దూరం. హాస్టల్ సంగతి చేరకముందే తేల్చుకోండి.

ఎక్కడ చేరినా ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. మూడు నెలల సర్టిఫికెట్ చూపించి ఉద్యోగం గ్యారంటీ అనే చోట డబ్బు కట్టకండి. చిన్న కోర్సులు భాష నేర్చుకోవడానికి బాగానే పనికొస్తాయి, ఇంటర్‌ప్రెటర్‌గా రిజిస్ట్రేషన్‌కు పనికిరావు.

4. సైగ నుంచి మాటలోకి రావడం

మాట విని సైగ చేయడం కంటే సైగ చూసి గొంతుతో చెప్పడం కష్టమని కోర్సులో చేరిన కొన్నాళ్లకే తెలుస్తుంది. దీనికి మీ తెలుగు బాగుండాలి. "కళ్లు బైర్లు కమ్ముతాండాయి", "కడుపులో దేవుతాంది" అని మన దగ్గర రోగులు చెప్పే మాటలు తీసుకుని, వాటి అర్థాన్ని సైగలోకి మార్చండి, మళ్లీ ఆ సైగ చూసి డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పండి. సదరం క్యాంపు (వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే చోటు), బ్యాంకు, పోలీస్ స్టేషన్, రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఇలా ఒక్కో చోటికి ఒక్కో మాటల జాబితా తయారు చేసుకోండి.

5. ఇంటర్‌ప్రెటర్ ఎలా నడుచుకోవాలి

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, భాష ఎంత బాగా వచ్చినా ఇది లేనివాళ్లు ఈ పనిలోకి రాకూడదు. బధిరుడు "నాకు నొప్పి" అంటే మీరు "నాకు నొప్పి" అనే చెప్పాలి, "ఆయనకు నొప్పంట" అని కాదు. డాక్టరు విసుగ్గా అన్న మాటను కూడా అలాగే చేర్చాలి, మెత్తబరచకూడదు. సలహా ఇవ్వకూడదు. ఆ గదిలో విన్నది ఇంట్లో అమ్మకు కూడా చెప్పకూడదు, మన ఊళ్లలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. అర్థం కాకపోతే ఆపి మళ్లీ అడగండి, ఊహించి చెప్పకండి.

కోర్టు పని అనుభవం లేకుండా ఒప్పుకోవద్దు. పోక్సో చట్టం 38వ సెక్షన్ పిల్లల సాక్ష్యం తీసుకునేటప్పుడు అనువాదకుల, ఇంటర్‌ప్రెటర్ల సాయం గురించి చెప్తుంది, అక్కడ మీ ఒక్క తప్పు కేసునే మార్చేయొచ్చు. 2023లో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదన వినిపించారు. ఆ స్థాయికి చేరడానికి ఏళ్ల సాధన కావాలి.

6. పాసయ్యాక

డిప్లొమా చేతికి రాగానే ఆర్‌సీఐ కేంద్ర రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోండి, తర్వాత గడువు తీరకముందే రెన్యువల్ చేయిస్తూ ఉండాలి. పని మొదట్లో ప్రత్యేక పాఠశాలల్లో, ప్రభుత్వ సభల్లో, టీవీ వార్తల్లో దొరుకుతుంది. గంటల తరబడి జరిగే సభకు ఒక్కరే వెళ్లకండి, ఇద్దరుండి ఇరవై నిమిషాలకోసారి మారాలి, లేకపోతే భుజాల కంటే ముందు బుర్ర అలసిపోయి తప్పులు దొర్లుతాయి. బట్టలు గళ్లూ పువ్వులూ లేనివి, మీ ఒంటి రంగుకు భిన్నంగా కనిపించేవి వేసుకోండి. చేతికి గాజులు, పెద్ద ఉంగరాలు లేకుండా చూసుకోండి.