ఇంట్లో కుక్కర్ – మూడో పాఠం: ఆవిరి దారి

పోయిన రెండు పాఠాల్లో ఎంతమందికి ఏ సైజు కుక్కర్ కావాలో, లోపలి మూతకీ బయటి మూతకీ తేడా ఏమిటో తెలుసుకున్నాం. ఈ పాఠం మూత మీద విజిల్ కూర్చునే చిన్న గొట్టం గురించి. దాన్నే వెంట్ పైపు అంటారు. కుక్కర్ క్షేమంగా ఉండాలంటే అన్నిటికన్నా ముందు ఈ దారి తెరిచి ఉండాలి.

ముందు ఒక లెక్క. విజిల్ బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి దగ్గర లేచేలా తయారవుతుంది. అంత ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పప్పు తొందరగా మెత్తబడేది అందుకే. ఇప్పుడు 20 సెంటీమీటర్ల వెడల్పున్న మూత తీసుకోండి. దాని మీద లోపలినుంచి పడే తోపు 300 కిలోల పైమాటే, అంటే పన్నెండు బియ్యం బస్తాల బరువు (పాతిక కిలోల బస్తాలు). ఈ తోపు హద్దు దాటకుండా అన్నిటికన్నా ముందు ఆపేది ఆ సన్న గొట్టమే.

గొట్టం ఎందుకు మూసుకుంటుంది? మన వైపు వంటల్లో దీనికి మొదటి కారణం పప్పు. కందిపప్పు ఉడికేటప్పుడు తెల్లటి నురగ పొంగుతుంది. ఆ నురగతో పాటు పప్పు పొట్టు, టమాటా తొక్క, గోంగూర ఆకు ముక్క పైకి వచ్చి గొట్టం అడుగున అతుక్కుంటాయి. ఒకపూట ఎండితే గట్టి బిరడాలా తయారవుతాయి. మర్నాడు విజిల్ రాదు. ‘ఇంకా ప్రెషర్ రాలేదేమో’ అనుకుని మంట పెంచుతారు. అక్కడే ముప్పు మొదలవుతుంది.

అందుకే గోంగూర పప్పు చేసేటప్పుడు ఆకు పప్పులో కలిపి పెట్టొద్దు. వేరే గిన్నెలో మగ్గించి, పప్పు ఉడికాక కలిపి ఎనపండి. దీనివల్ల ఇంకో రెండు మేళ్లు ఉన్నాయి. పులుపు తగిలితే పప్పు సరిగా ఉడకదు, పలుకు మిగులుతుంది. పైగా అల్యూమినియం కుక్కర్లో పులుపు నేరుగా ఉడికితే లోపలి గోడ అరుగుతుంది, కూరకు లోహపు రుచి వస్తుంది. చింతపండు పులుసుకూ ఇదే మాట.

పప్పు కొలత: నీళ్లతో కలిపి కుక్కర్లో సగం దాటకూడదు. 3 లీటర్ల కుక్కర్లో ఒక గ్లాసు కందిపప్పుకు మూడు గ్లాసుల నీళ్లు సరిపోతాయి. అర చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. అరగంట నానబెడితే మంట మీద ఉండే సమయమూ తగ్గుతుంది.

ఇక పని చేసే వరుస. మూత పెట్టే ముందు ప్రతిసారీ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి గొట్టంలోంచి చూడండి. అవతలి వెలుతురు గుండ్రంగా కనపడాలి. అనుమానం వస్తే శుభ్రమైన చీపురు పుల్ల దూర్చి, కుళాయి కింద పట్టండి. నీళ్లు ధారగా దిగాలి. మూత బిగించాక విజిల్ వెంటనే పెట్టకండి. గొట్టంలోంచి ఆవిరి తెగకుండా రావడం మొదలయ్యాక పెట్టండి. అప్పటికి లోపలి గాలి బయటికి పోతుంది, ఆవిరి మిగులుతుంది. గాలి ఉండిపోతే ఒత్తిడి వచ్చినా వేడి 120కి చేరదు. దారి తెరిచే ఉందని కళ్లారా చూసినట్టూ అవుతుంది. మంట పెద్దదిగా ఉండి ఐదారు నిమిషాలైనా ఆవిరి జాడ లేకపోతే స్టవ్ ఆపేయండి, చల్లారాక మూత తీసి చూడండి.

మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూడండి. నానిన కందిపప్పుకు ఐదారు నిమిషాలు, నానకపోతే ఎనిమిది నుంచి పది. కూతలు లెక్కపెట్టే అలవాటు మానుకోమనే చెబుతాం. పెద్ద మంట మీద మూడు కూతలు గబగబా వచ్చేస్తాయి, పప్పు ఉడకదు, నురగ మాత్రం గొట్టంలోకి ఎగదన్నుతుంది.

గొట్టం మూసుకుపోయినా, నీళ్లు ఇగిరిపోయినా కాపాడేది సేఫ్టీ వాల్వ్. చాలా కుక్కర్లలో దాని నడుమ తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల ఉంటుంది. వేడి హద్దు దాటితే అది కరిగి ఆవిరికి దారిస్తుంది. అలా పోయిన వాల్వును ఎమ్‌సీల్‌తోనో మేకుతోనో మూసి వాడటం ప్రాణాలతో చెలగాటం. అదే కంపెనీ, అదే మోడల్ వాల్వు వేయించండి. బెజవాడ వన్‌టౌన్ సామాన్ల కొట్లలో అన్నిటికీ సరిపోతుందని చెప్పి చౌక రకం ఇస్తామంటే వద్దనండి. వాల్వు మార్చే ముందు అది ఎందుకు పోయిందో కూడా తేల్చుకోవాలి, లేకపోతే కొత్తదీ అలాగే పోతుంది. కుక్కర్లకు ఐఎస్ 2347 అనే భారత ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి.

తెరిచేటప్పుడు తొందర వద్దు. మంట ఆపి పది నిమిషాలు వదిలేయండి. గరిటె కాడతో విజిల్‌ను కొద్దిగా ఎత్తి చూడండి, బుస్సుమంటే ఇంకా ఆగండి. పప్పు ఉన్న కుక్కర్‌ని చన్నీళ్ల కింద పెట్టొద్దు. ఒత్తిడి ఒక్కసారిగా పడితే 120 డిగ్రీల నీళ్లు ఒకేసారి భగ్గున మరిగి పప్పంతా గొట్టంలోకి తన్నుకొస్తుంది. పూర్తిగా చల్లారాక మూత బిగుసుకుపోతే విజిల్ తీసేయండి. బయటి గాలి లోపలికి వెళ్లి మూత వదులవుతుంది.

కడగడం: గొట్టాన్ని వంట అయిన పూటే, పప్పు ఎండకముందే కడగండి. విజిల్ లోపలి గుంతనూ పుల్లతో గీకండి. మూత తిప్పి సేఫ్టీ వాల్వ్ అడుగున అతుక్కున్న పప్పును తుడవండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అల్యూమినియం కుక్కర్ లోపల నల్లబడుతుంది. నిమ్మకాయంత చింతపండు, సగం వరకు నీళ్లు పోసి మూత లేకుండా పది నిమిషాలు మరిగిస్తే నలుపు వదులుతుంది. దానికి చాకలి సోడా వాడొద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆరాక మూతను బిగించకుండా తిరగేసి పెట్టండి.

ఈ వారం అభ్యాసం: కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్లు మాత్రమే పోసి పెట్టండి. ఆవిరి తెగకుండా రావడానికి ఎన్ని నిమిషాలు, విజిల్ పెట్టాక మొదటి కూతకు ఎన్ని, మంట ఆపాక బుస్సు తగ్గడానికి ఎన్ని, ఈ మూడూ రాసిపెట్టుకోండి. గ్యాస్కెట్ (మూత అంచున ఉండే రబ్బరు చుట్టు) గురించిన నాలుగో పాఠంలో ఆ అంకెలు అవసరమవుతాయి. మూత అంచున ఎక్కడైనా చెమ్మ చిమ్మితే ఆ చోటూ గుర్తు పెట్టుకోండి.