పాత టేకు, మిగులు బండ: ఇంటి పనిలో డబ్బు మిగిలే చోట్లు

ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టినవారిలో చాలామంది సిమెంటు బస్తా మీద ఐదు రూపాయలు తగ్గించుకోవడానికి నాలుగు దుకాణాలు తిరుగుతారు గాని, తలుపులు, ద్వారబంధాలు, నేల బండలు మాత్రం మేస్త్రి చూపించిన చోట, అతడు చెప్పిన ధరకే తెచ్చుకుంటారు. నిజంగా డబ్బు మిగిలేది ఈ రెండో రకం వస్తువులలోనే, అందులోనూ ముఖ్యంగా పాత టేకు కలపలో.

పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, తలుపులు, దూలాలు, వాసాలు కొని తిరిగి అమ్మే పాత సామాను దుకాణాలు చాలా పట్టణాలలో ఉన్నాయి. పడగొట్టబోయే ఇల్లు ఎక్కడైనా కంటపడితే, కూల్చే గుత్తేదారుతో ముందుగానే మాట్లాడుకోవడం ఇంకా మేలు, ఎందుకంటే సరుకు దుకాణానికి చేరకముందు ధరలో దుకాణదారు లాభం కలవదు. దశాబ్దాల పాటు ఇంట్లో ఉండి పూర్తిగా ఆరిన కలప కొత్తగా కోసిన దానిలాగా వంగదు, బీటలు వారదు. లేత చెట్టు నుంచి కోసిన కొత్త టేకులో తెల్ల చెక్క, అంటే బెరడు పక్కనుండే లేత భాగం, వంతు ఎక్కువ, చెదలు ముందుగా పట్టేది దానికే. పాత ఇళ్ళ గుమ్మాలలో సాధారణంగా చేవ, అంటే లోపలి గట్టి చెక్క, ఎక్కువగా ఉంటుంది.

అయితే పాతదంతా టేకు కాదు. వేప, మద్ది కూడా అదే ముదురు రంగు పూసుకుని టేకు గుమ్మాల పక్కనే నిలబడి ఉంటాయి. అందువల్ల బేరం మొదలుపెట్టేముందు గుమ్మంలో గోడవైపు ఉండిన ముఖాన్ని తిప్పించి చూడాలి, ఎందుకంటే రంగు, లప్పం అక్కడ ఉండవు. ఒకచోట జానెడు మేర చిత్రిక పట్టించమని అడిగితే మంచి దుకాణదారు కాదనడు. చిత్రిక పట్టిన చోట బంగారు గోధుమ వన్నె, అందులో ముదురు చారలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనెతో కూడిన ప్రత్యేకమైన వాసన వస్తే అది టేకేనని చాలావరకు నమ్మవచ్చు. తరువాత నేలను ఆనుకుని ఉండిన కొసను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడాలి. పుచ్చు, చెద సాధారణంగా మొదలయ్యేది ఆ కొసనే కాబట్టి, అక్కడ మొన సులువుగా దిగినా, పొడి రాలినా, ఆ మేర పొడవును కొలతలోంచి తీసివేయించాలి.

కొలత విషయంలోనే ఎక్కువమంది నష్టపోతారు. కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. వెడల్పు, మందం అంగుళాలలోను, పొడవు అడుగులలోను తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న గుమ్మానికి 7 అడుగుల నిలువు కమ్ములు రెండు, 3.5 అడుగుల అడ్డకమ్మి ఒకటి అనుకుంటే మొత్తం పొడవు 17.5 అడుగులు, లెక్క సుమారు 1.82 ఘనపుటడుగులు. చిత్రిక పట్టాక మిగిలే మందం ఎంతో వడ్రంగిని అడిగి, ఆ మందానికి పడే ధరను కొత్త కలప ధరతో పోల్చాలి. మేకులన్నీ తీయించే బాధ్యత దుకాణదారుదేనని ముందే చెప్పించుకోవడం మంచిది, లోపల మేకు ఉండిపోతే కోతమిల్లులో రంపం పాడై, ఆ ఖర్చు మన మీద పడుతుంది. బండి కిరాయి, వడ్రంగి అదనపు కూలి కలిపాక కొత్త కలప కన్నా కనీసం మూడో వంతు తగ్గకపోతే పాతదాని జోలికి వెళ్ళవద్దని నా అభిప్రాయం. పాత తలుపులు ఎత్తులో పొట్టిగా ఉండటం మామూలే, కోసి తగ్గించగలం గాని పెంచలేం. అటువంటివి అలమరా తలుపులకో, ఉయ్యాల బల్లకో చక్కగా పనికివస్తాయి.

గ్రానైటులో తగ్గింపు దొరికేది మిగులు ముక్కలలో. వంటగది గట్టుకు కోసిన పలకల్లో మిగిలిన ముక్కలు గడపలకు, కిటికీ అంచులకు సరిపోతాయి, దుకాణం వెనక వరుసగా ఆనించి ఉంటాయి గాని అడిగితేనే చూపిస్తారు. అలమరా అరలకు ఖరీదైన రాయి అక్కర్లేదు, నల్లటి కడప బండ చాలు. వరండాకు, పెరటికి తాండూరు బండ తీసుకుంటే చదరపుటడుగు ధరతో పాటు అంచుల కోత, పాలిష్ కూలి కూడా కలిపి లెక్కవేయాలి, అవి చేరాక చవక టైల్సుతో తేడా ఒక్కోసారి మాయమవుతుంది.

టైల్సులో నిలిచిపోయిన సరుకును తక్కువ ధరకు వదిలించుకునే దుకాణాలు ఉంటాయి. అక్కడ కొనేటప్పుడు ప్రతి పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని చూసి, పగుళ్ళకు, కోతలకు నూటికి పది వంతులు అదనంగా ఒకేసారి తీసుకోవాలి, తరువాత ఆ రకం దొరకదు. హాలుకు కాక స్నానాలగదికి, వాష్ ఏరియాకు ఇటువంటి సరుకు తగినది.

ప్లైవుడ్ మాత్రం చవక చూసి కొనవలసింది కాదు. నీరు తగిలే వంటగదికి ఐఎస్ (భారత ప్రమాణం) 710 అని, మామూలు గదులకు ఐఎస్ 303 అని పలక మీద ముద్ర ఉండాలి. ఆ పక్కనే ఉండే లైసెన్సు నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మేస్త్రిని వెంటబెట్టుకుని వెళితే అతడి కమిషను మన బిల్లులోనే చేరే అవకాశం ఉంది. కాబట్టి ధర మాట్లాడుకోవడానికి ఒంటరిగా వెళ్ళి, సరుకు ఎంచుకోవడానికి మాత్రం అతడిని తీసుకువెళ్ళి, అతడి శ్రమకు విడిగా ఆ రోజు కూలి ఇవ్వడం ఇద్దరికీ సమంజసంగా ఉంటుంది.