టీవీ లెక్కలకి చింతపిక్కల సాయం

మా నాలుగో తరగతి పిల్ల టీవీలో లెక్కల పాఠం అరగంట కదలకుండా చూస్తుంది, కట్టేశాక అదే లెక్క అడిగితే బిక్కమొహం వేస్తుంది. అమలాపురం దగ్గర మా ఇంట్లో డీడీ ఫ్రీ డిష్, నెల చందా లేదు, అందులో పీఎం ఈ-విద్య (కేంద్ర ప్రభుత్వ టీవీ పాఠాలు) వాళ్లవి తరగతికో ఛానల్ వస్తాయి. పాఠం హిందీలో ఉంటే అంకెలు చూసి నేనే తెలుగులో చెప్తాను.

ఇప్పుడు 10 నిమిషాలే చూడనిచ్చి, టీచర్ చేసిన లెక్కల్లో 2 నోట్సులో ఎక్కించమని టీవీ కట్టేస్తున్నా. తర్వాత అంకెలు మార్చి మన కొబ్బరి దింపులోకి తెస్తా: గెలకి 12 కాయలు, 7 గెలలు దింపితే ఎన్ని? భాగహారమైతే 50 చింతపిక్కలు పోసి 6 గిన్నెల్లో సమానంగా పంచమంటా, మిగిలిన 2 పిక్కలే శేషం (టీవీలో ఎన్నిసార్లు విన్నా ఎక్కనిది, పిక్కలు చేతిలో మిగిలాక ఎక్కింది). మర్నాడు జడ వేసేటప్పుడు అవే లెక్కలు నోటితో అడుగుతా.

ఎక్కాలు రాని పిల్లలకి మాత్రం ఇది పనిచెయ్యదు, ఏడో ఎక్కం దగ్గర మాది ఏడుపే అయింది. అప్పుడు మొహమాటపడకుండా కింది తరగతి ఛానల్ పెట్టండి.