స్మిత్, బ్రౌన్, విల్సన్: స్కాట్లాండ్ రికార్డుల్లో మీ పూర్వీకుణ్ణి ఎలా పట్టుకోవాలి?

స్కాట్లాండ్‌లో పాత రికార్డులు బాగానే దొరుకుతాయి. ఇంటిపేరు స్మిత్, బ్రౌన్, విల్సన్, క్యాంప్‌బెల్ లాంటిదైతేనే చిక్కు. ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో, ఒకే పేరున్న నలుగురిలో, వయసు కాస్త కలిసిందని ఒకర్ని ఎంచేసుకుని, అక్కణ్నుంచి మూడు తరాలు వెనక్కి వెళ్లిపోయిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిని కాపీ చేసుకోకండి.

కావాల్సినవి: స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల వెబ్‌సైట్ స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఖాతా, రికార్డులు తెరవడానికి డబ్బిచ్చి కొనుక్కునే కొన్ని క్రెడిట్లు, ఆ ప్రాంతపు పారిష్‌ల మ్యాపు, ఒక నోటుబుక్కు. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. అది ఖాళీ గడి చూపించి ఏదో ఒక పేరు నింపేలా చేస్తుంది. కాగితం తొందరపెట్టదు.

ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అక్కణ్నుంచి ఇటు పని సులువే. ముందు మరణ సర్టిఫికెట్ తీయండి, జనన సర్టిఫికెట్ కాదు. అందులో చనిపోయిన మనిషి తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంటాయి. తర్వాత సెన్సస్. 1841 నుంచి పదేళ్లకోసారి జరిగినవి 1921 దాకా చూడొచ్చు. పుట్టిన పారిష్, ఇంటిపెద్దకు ఏమవుతారు అన్న వివరాలు 1851 నుంచే ఉంటాయి. 1841లో 15 దాటినవాళ్ల వయసును ఐదుల లెక్కకు తగ్గించి రాయమన్నారు. 54 ఏళ్లాయన కూడా అందులో 50గానే కనిపిస్తాడు.

ఇక అసలు గండం 1855 దాటి వెనక్కి, పారిష్ రిజిస్టర్లలోకి, అంటే చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ బాప్టిజాలూ పెళ్లిళ్లూ రాసుకున్న పుస్తకాల్లోకి వెళ్లడం. ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

మొదటి నియమం: మగవాడి పేరుతో వెతకొద్దు, దంపతుల పేర్లతో వెతకండి. స్కాట్లాండ్ రిజిస్టర్లలో పెళ్లయిన స్త్రీకి పుట్టింటి ఇంటిపేరు అలాగే నిలిచి ఉంటుంది. జాన్ స్మిత్‌లు వీధికొకరు దొరుకుతారు. గ్రిజెల్ టాడ్‌ను పెళ్లాడిన జాన్ స్మిత్ కావాలంటే జాబితా ఒకరిద్దరికి తగ్గిపోతుంది. అయితే చనిపోయిన మనిషి తల్లి పేరు ఎవరు చెప్పారో మరణ సర్టిఫికెట్‌లో చూడండి. చనిపోయినాయన కొడుకు చెబితే తన నాయనమ్మ పేరు తెలిసే అవకాశం ఉంది. పక్కింటాయన చెబితే ఇంకో ఆధారం దొరికేదాకా నమ్మకండి.

రెండోది, దొరికిన మొదటి బాప్టిజంతో ఆగొద్దు. ఆ పారిష్‌లోనూ చుట్టుపక్కల పారిష్‌లలోనూ, అంచనా వేసిన ఏడాదికి ఐదేళ్లు అటూ ఇటూ పుట్టిన జాన్ స్మిత్‌లందర్నీ ఒక పేజీలో రాయండి. ఒక్కొక్కర్నీ కొట్టేస్తూ రండి. ఈయన 1851లో వేరే భార్యతో ఉన్నాడా? కొట్టేయండి. ఈయన మరణ సర్టిఫికెట్‌లో వేరే తల్లి పేరుందా? కొట్టేయండి. మీవాడు ఎవరు కాదో తేల్చకుండా ఎవరో తేలదు. దీనికి క్రెడిట్లు ఖర్చవుతాయి, అవ్వనివ్వండి.

ఇన్నిమంది జాన్‌లు ఎందుకంటే, మన దగ్గరలాగే అక్కడా తాత పేరు మనవడికి పెట్టేవాళ్లు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మొదటి కూతురికి అమ్మమ్మ పేరు. అన్నదమ్ములు నలుగురుంటే నాలుగిళ్లలోనూ అదే తాత పేరు. కాబట్టి ఈ ఆనవాయితీని ఆధారంగా వాడుకోండి, రుజువుగా మాత్రం కాదు.

చివరికి ఒక్కడే మిగిలినా తొందరపడొద్దు. అసలువాడు రిజిస్టర్‌కే ఎక్కకపోయి ఉండొచ్చు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది. పేదవాళ్లు చాలామంది ఎగ్గొట్టారు. వేరే చర్చిలకు వెళ్లినవాళ్ల పిల్లలు ఈ పుస్తకాల్లో తరచు కనబడరు. అందుకే ఇండెక్స్ చూసి వదిలేయకుండా అసలు పేజీ తెరవండి. ఇండెక్స్‌లో రాని, ఆ కుటుంబం ఉన్న పొలం పేరు, సాక్షుల పేర్లు అక్కడ ఉండొచ్చు. సాక్షుల్లో ఒక టాడ్ కనబడితే అది గ్రిజెల్ తండ్రో అన్నో కావచ్చు. అదే పొలం పేరు 1841 సెన్సస్‌లోనూ కనిపిస్తే మీరు సరైన ఇంటికి వచ్చారనడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

అప్పటికీ ఇద్దరు మిగిలితే ఇద్దర్నీ పెన్సిల్‌తో రాసి ఉంచండి. కిర్క్ సెషన్ పుస్తకాలు, అంటే చర్చి పెద్దల పంచాయితీ రికార్డులు, అదే సైట్‌లో చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. పేరు కొట్టి వెతకడం కుదరదు, ఓపిగ్గా పేజీలు తిప్పాల్సిందే. పెళ్లికి ముందే పుట్టిన బిడ్డ తండ్రెవరో, బీద సాయం ఎవరికిచ్చారో, ఏ పొలం వాళ్లో అందులో రాస్తారు.