కరువు, శరణార్థి ఆహార సాయానికి దరఖాస్తు: "ఇంట్లో ఎంతమంది" అన్న చోటే జాగ్రత్త

ముందు ఇది చెప్పాలి, ఆహార సాయానికి పేరు రాయించుకోవడం పూర్తిగా ఫ్రీ. ఫారానికి, ఫోటోకి, వేలిముద్రకి, కార్డుకి దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. నేను ఒక రిజిస్ట్రేషన్ సెంటర్ దగ్గర కొన్నాళ్లు హెల్ప్ డెస్క్‌లో కూర్చున్నా, లిస్టులో పేరు ఎక్కిస్తానని లైన్లోనే వసూలు చేసేవాళ్లని, చేతిలో ఉన్న కాస్తా వాళ్లకి ఇచ్చేసి పిల్లలతో వెనక్కి పోయిన తల్లుల్ని కళ్లారా చూశా.

దేశం దాటి వచ్చినవాళ్లయితే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గర గానీ ఆ దేశ ప్రభుత్వ శరణార్థి ఆఫీసులో గానీ రిజిస్టర్ అవ్వాలి. ఎక్కువ చోట్ల ఆ లెక్క ప్రకారమే ప్రపంచ ఆహార కార్యక్రమం, అంటే డబ్ల్యూఎఫ్‌పీ, ధాన్యమో డబ్బో ఇస్తుంది. సొంత ఊళ్లోనే కరువులో చిక్కుకున్నవాళ్లకి ఈ రిజిస్ట్రేషన్ కాదు, లోకల్ అధికారులు, ఊరి కమిటీ, అక్కడ పనిచేసే సంస్థ కలిసి లిస్టు తయారుచేస్తారు. పశువులు పోయినవాళ్లు, బాలింతలు, బక్కచిక్కిన పిల్లలున్న ఇళ్లు, ఒంటరి ముసలివాళ్లు ముందుంటారు. ఆ లిస్టు ఊళ్లో చదివేటప్పుడు తప్పకుండా ఉండండి, పేరు రాకపోతే అక్కడే అడగొచ్చు.

కాగితాలన్నీ పోయాయని చాలామంది అసలు లైన్లోకే రారు. రండి. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్ ఏమీ లేకపోయినా ఇంటర్వ్యూ చేసి రాసుకుంటారు, ఉన్నవి మాత్రం దాచుకోకుండా చూపించండి.

అసలు తడబడేది ఇంట్లో ఎంతమంది అన్న చోట. ఒకామె కార్డు మీద నలుగురే ఉన్నారు, ఇంట్లో తినేది ఆరుగురు. ఎందుకమ్మా అంటే రాసిన రోజు పెద్దాడు పశువుల వెంట వెళ్లాడు, చంటిదానికి ఇంకా పేరు పెట్టలేదు, పేరులేని బిడ్డని ఏమని చెప్తాం అనుకుని ఊరుకున్నానంది. ఫుల్ రేషన్ అంటే మనిషికి రోజుకి దాదాపు 2,100 కేలరీల లెక్క, నలుగురిది ఆరుగురు పంచుకుంటే తలకి 1,400 మిగుల్తాయి. అదీ ఫుల్‌గా ఇచ్చిన నెలల్లో మాట.

కాబట్టి పేరు పెట్టకపోయినా బిడ్డని చెప్పండి, ఆస్పత్రి కాగితం ఉంటే పట్టుకెళ్లండి. ఆ రోజు ఇంట్లో లేనివాళ్ల గురించి కూడా చెప్పి, వాళ్లని ఎప్పుడు తీసుకురావాలో అడగండి. దారిలో తోడొచ్చిన అన్నగారి పిల్లాడో, అమ్మానాన్నా తప్పిపోయిన పక్కింటి పిల్లో మీతోనే తింటుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మా బిడ్డే అని మాత్రం రాయించొద్దు. అలా రాస్తే ఆ పిల్ల కన్నవాళ్లని వెతికే దారి మూసుకుపోతుంది, నిజం చెప్పినంత మాత్రాన మామూలుగా ఆ పిల్లని ఎవరూ లాక్కుపోరు, పైగా అలాంటి పిల్లల కోసం విడిగా సాయం ఉంటుంది. లెక్క పెంచుకుందామని వేరేవాళ్ల పిల్లల్ని అరువు తెచ్చుకోవడం అస్సలు వద్దు, చాలా చోట్ల వేలిముద్రలు, కంటిపాప స్కాన్ తీస్తారు, ఒకే మనిషి రెండు కార్డుల్లో కనబడితే రెండిళ్ల వాళ్లకీ చిక్కే.

పనిచేసి చేసి వేళ్లు అరిగిపోయిన ముసలమ్మలకి మెషిన్ ముద్ర తీసుకోదు, భయపడొద్దు, కంటిపాప స్కాన్ ఉందా అని అడగండి. నడవలేనివాళ్ల బదులు ఇంకొకరు తెచ్చేలా ముందే పేరు రాయించొచ్చు. ఆ ఒక్కరికి తప్ప కార్డు, పిన్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, తాకట్టు అసలే వద్దు. మధ్యమధ్యలో వెరిఫికేషన్ అని అందర్నీ మళ్లీ పిలుస్తారు, ఆ రోజు కనబడకపోతే ఊళ్లో లేరనుకుని పేరు ఆపేస్తారు, ఆగిందంటే మళ్లీ తిరగాల్సింది మీరే.

రేషన్ సడన్‌గా తగ్గితే మీ మీద ఎవరో చెప్పారని అనుకోకండి, నిధులు తగ్గినప్పుడు అందరికీ కోస్తారు. మీకొక్కరికే తగ్గితే మాత్రం ఫిర్యాదు డెస్క్‌కో హెల్ప్‌లైన్‌కో చెప్పండి. ఎవరైనా డబ్బు అడిగినా, ఆడవాళ్లని ఇంకేదైనా అడిగినా అక్కడే చెప్పాలి, చెప్పినందుకు రేషన్ ఆపకూడదు. వెళ్లేటప్పుడు కార్డు నంబర్, తక్కువొచ్చిన తేదీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి, ఫిర్యాదు నంబర్ ఇచ్చేదాకా అక్కడే నిలబడండి.