కారవాన్ కదిలే ముందు చూసుకోవాల్సినవి

విజయవాడ నుంచి సూర్యలంకకో, అరకుకో కారవాన్‌లో బయల్దేరుతున్నారా? ముందు రోజు సాయంత్రమే ఇవి చూసుకోండి. పొద్దున హడావిడిలో సగం మర్చిపోతారు.

గ్యాస్: అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, బండి లోపల నేల మీదే పేరుకుంటుంది. అందుకే కింది వెంటిలేటర్‌కు సామాన్లు అడ్డం పెట్టొద్దు. పైపు బిగించిన చోట్ల సబ్బునీళ్లు రాయండి, బుడగలొస్తే బాగయ్యేదాకా ప్రయాణం వాయిదా. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు, వాళ్లను దగ్గరికి రానివ్వకండి. బండి కదిలే ముందు సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచే ఉండాలి, వాన పడుతున్నా సరే.

టైర్లు: బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. టైరు పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. అరగకపోయినా అంత పాతవాటితో మే నెల ఎండలో హైవే ఎక్కొద్దు. అనుమానముంటే ఆటోనగర్‌లో చూపించండి.

బ్యాటరీ: 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు చాలు. ఏసీ రాత్రంతా నడుస్తుందని పిల్లలకు మాటివ్వకండి.

బండి ఎత్తు రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి, రైల్వే అండర్‌బ్రిడ్జిల దగ్గర పనికొస్తుంది. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి చెప్పక్కర్లేదు.

టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే బయల్దేరండి. దారిలో బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో మాత్రం వదలొద్దు, ఆ నీళ్లు పొలాలకు వెళ్తాయి.